నారుమడి పరీక్ష

గత క్రీడాదినమున ఆటలు ముగిసి, బాలురు వికెట్టు కొయ్యలను పెరికి గదిలో పెట్టుచుండగా ఒక తండ్రి నా యొద్దకు వచ్చెను. "సారూ, మా పిలగాడు ఆటల ముంగటికి వస్తడా, రాడా? ఒక్క మాట చెప్పుండ్రి. రాకుంటె దుకాణంల కూసుండవెడత" అని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. పిల్లవాడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు. ఇంటికి ఆదాయము స్వల్పము. బ్యాటు ఒకటి కొనవలెనన్న నెలజీతములో పెద్ద భాగము పోవును. అట్టి తండ్రికి "ఔను" అని చెప్పుటయు అపాయమే, "కాదు" అని చెప్పుటయు అపాయమే. ఒక్క మాటలో తీర్పు చెప్పువాడు తెలియక చెప్పుచున్నాడని నా నమ్మకము. అయినను, పేరులేని చిన్న ఆటగాని నెట్లు పరీక్షింపవలెనో చెప్పు శాస్త్రము కొంత కలదు. ఈ పాఠమున దానిని వివరింప యత్నించెదను. ఇందు కొంత లెక్క, కొంత చరిత్ర, కొంత మన యింటి సంగతి కలిసియుండును.

పేరు పొందినవానిని గుర్తించుటకు ప్రజ్ఞ యక్కరలేదు. పత్రిక తెరచిన చాలును. ఇంకను పేరు రానివానిని, క్రింది మెట్టున నున్నవానిని చూచి, వీడు రేపు ఎంతవాడగునో ఊహించుటయే కష్టము. రైతు ఈ పని యేటేట చేయుచునే యున్నాడు. మన ముఖేడ్ తాలూకా మెట్టసీమ. జొన్న, ప్రత్తి, కంది, సోయా పండించు నేల. వరి నారుమడిని కన్నులార చూడని బాలురు మన తరగతులలో చాలమంది కలరు. మంజీర కావల బోధను వైపు పోయినచో చూడవచ్చును. ఒక చిన్న మడిలో ఒత్తుగా నారు పోయుదురు. మొలకలన్నియు ఒకే తీరుగ పచ్చగా నుండును. నాట్లనాడు రైతు పిడికిట పట్టి, వేళ్ళు చూచి, కాండము చూచి, కొన్నిటిని ప్రక్కకు తీసివేయును. పొడవుగా నున్నదంతయు మంచి నారు కాదని అతనికి తెలియును.

ఆటలలో ఈ నారుమడి పద్ధతిని క్రమముగా నెలకొల్పినవారు అమెరికా దేశపు బేస్‌బాల్ వారు. ఆ ఆట మన క్రికెట్టునకు దూరపు చుట్టము. అందును బంతి విసరువాడు, కర్రతో కొట్టువాడు, పరుగెత్తువాడు కలరు. 1920 దశకమున సెయింట్ లూయీ కార్డినల్స్ అను జట్టును నడపిన బ్రాంచ్ రిక్కీ అనునతనికి, ధనికులైన జట్లతో పోటీపడి పెద్ద ఆటగాండ్రను కొనుటకు తగిన పైకము లేకుండెను. అందుచేత నతడు చిన్న యూళ్ళలోని చిన్న జట్లను తన యధీనము చేసికొని, అందు కుఱ్ఱవాండ్రను పెంచి, ఎదిగినవారిని పైకి తెచ్చుకొనసాగెను. లేమి నుండి పుట్టిన ఉపాయము తరువాత సర్వత్ర వ్యాపించినది. వారు దీనిని "పొలము" అనియే పిలుతురు. 2021 నుండి అక్కడి 30 పెద్ద జట్లలో నొక్కొక్కదానికి నాలుగేసి చొప్పున 120 క్రింది జట్లు కలవు. ఒక్కొక్క మెట్టెక్కుచు పైకి పోవలెను. మెట్టుమెట్టునకు రాలిపోవువారే యెక్కువ.

ఆ మడులు చూచి వచ్చు పరీక్షకులు మార్కులు వేయు విధము మనకు ఉపయోగించును. వారి కొలబద్ద 20 నుండి 80 వరకు నుండును. 50 అనగా పై మెట్టున ఆడు సామాన్య ఆటగాని స్థాయి. కొట్టుట, బలముగా కొట్టుట, పరుగు, విసరుట, పట్టుట అను అయిదు గుణములకు వేర్వేరుగ మార్కులు వేయుదురు. మన పాఠశాలలలో వలె అన్నిటిని కలిపి మొత్తము చెప్పి ఊరకుండరు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ప్రతి గుణమునకు రెండు గడులుండును: ఒకటి "నేడు", రెండవది "రేపు". నేడు 30 మాత్రమే యున్నవానికి రేపటి గడిలో 55 వ్రాయవచ్చును. నేడు 45 ఉన్నవానికి రేపును 45 వ్రాయవచ్చును. ఎదిగిపోయిన పిల్లవాడును, ఎదుగవలసిన పిల్లవాడును నేటి ఆటలో నొకే తీరుగ గనబడుదురు. రెండవ గడి నింపుటయే పరీక్షకుని విద్య.

ఆ విద్య యెంత పొరపాటు పడునో కూడ చెప్పవలెను. మైక్ పియాజా అనునతనిని 1988లో జరిగిన ఎంపికలో 62వ వరుసలో, 1390వ వానిగా తీసికొనిరి. అదియు కుటుంబ స్నేహితుడొకడు చెప్పినందున. అతడు 2016లో ఆ దేశపు బేస్‌బాల్ కీర్తిమందిరమున స్థానము పొందెను. అతనికంటె ముందు పిలువబడిన వేయిమందికి పైబడినవారిలో నెందఱి పేర్లు నేడెవరికి తెలియును?

మన దేశమువారును ఆ మడిలో నాటబడిరి. ఉత్తరప్రదేశ్ పల్లెలనుండి వచ్చి ఈటె విసరుట నేర్చిన రింకూ సింగ్, దినేష్ పటేల్ అను యువకులు 2008లో బంతి వేగముగా విసరు పోటీలో నెగ్గి, అదే సంవత్సరము పిట్స్‌బర్గ్ పైరేట్స్ అను జట్టుతో ఒడంబడిక చేసికొనిరి. అంతకు ముందు వారికి బేస్‌బాల్ తెలియదు. వేగమను ఒక్క గుణమును చూచి తీసికొన్న నారు అది. ఇద్దఱును క్రింది మెట్లలో ఆడిరి. పై మెట్టునకు చేరలేదు. ఇందు వారి లోపమేమియు లేదు. చిన్ననాటినుండి ఆ ఆటలో పుట్టి పెరిగినవానికి చేతులలో నుండు జ్ఞానమును ఇరువదియేండ్ల వయస్సున సంపాదించుట యెంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

ఇక మన మెట్లను చూతము. పదునాఱేండ్ల లోపు బాలురకు విజయ్ మర్చంట్ ట్రోఫీ, పందొమ్మిదేండ్ల లోపువారికి కూచ్ బిహార్ ట్రోఫీ, ఇరువదిమూడేండ్ల లోపువారికి సి.కె.నాయుడు ట్రోఫీ, ఆ పైన 1934లో ప్రారంభమైన రంజీ ట్రోఫీ. మన నాందేడ్ జిల్లా పూనా నుండి నడచు మహారాష్ట్ర క్రికెట్ సంఘము క్రిందికి వచ్చును. బొంబాయికి, విదర్భకు వేరు సంఘములు కలవు. పాఠశాలల పోటీలు వేరుగా తాలూకా, జిల్లా, విభాగము, రాష్ట్రము అను మెట్లపై జరుగును. మన విభాగము లాతూరు.

ఈ మెట్లలో నొకదానికి పేరిచ్చిన నాయుడుగారిని గూర్చి మన బాలురు తప్పక తెలిసికొనవలెను. కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరున తెలుగు కుటుంబమున జన్మించిరి. అనగా మనవలెనే మరాఠీ మాటలాడు సీమలోని తెలుగువారు. 1916లో హిందూ జట్టు పక్షమున పెద్ద ఆటలలో ప్రవేశించిరి. 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేయుచు 11 సిక్సర్లు కొట్టిరి. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున మన దేశపు మొదటి టెస్టు ఆటకు నాయకత్వము వహించునాటికి వారికి 36 సంవత్సరములు. ఆ వయస్సున నేటివారు ఆట మానుకొందురు. వారు రేపటి గడికై పదునాఱేండ్లు కాచుకొనియుండవలసి వచ్చినది. తప్పు వారిది గాదు, అంతకు ముందు మన దేశమునకు టెస్టు ఆటయే లేదు. మెట్టు లేనిచోట ఎక్కలేదని ఒకని నిందింపరాదు. ఈ మాట మరల అవసరము కాగలదు, గుర్తుంచుకొనుడు.

పరీక్షకుని చేతికి మొదట వచ్చునది స్కోరు పుస్తకము. స్కోరు అబద్ధ మాడదందురు. అబద్ధ మాడదు నిజమే, అడిగినదానికంటె ఎక్కువ చెప్పదు కూడ. 2016 జనవరిలో కల్యాణ్‌న పాఠశాలల పోటీలో ప్రణవ్ ధనావడే అను బాలుడు ఒక్కడే 1009 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. 1899 నుండి చెక్కుచెదరక నిలిచియున్న 628 పరుగుల రికార్డు ఒక్కనాడు కూలిపోయెను. దేశమంతయు నతనిని పొగడెను. అయితే ఆ ఆటలో ప్రత్యర్థి జట్టు తన మొదటి వంతున 31 పరుగులకే ముగిసినది. మైదానమున ఒకవైపు సరిహద్దు మిక్కిలి దగ్గర. అలయక, విసుగక అంతసేపు నిలిచి కొట్టుట ఆ బాలుని గొప్పతనమే. దానిని ఎవరును కాదనలేరు. కాని బలమైన బౌలరు ఎదురైననాడు వాడేమి చేయునో ఆ అంకె చెప్పజాలదు. అంకెలో లేని ఉత్తరమును అంకెనుండి పిండిన పెద్దలదే తప్పు. ఆ భారమును పదునైదేండ్ల పిల్లవాడు మోయవలసి వచ్చెను.

మన మరాఠ్వాడాలోనే మరియొక ఉదాహరణము కలదు. జాల్నా జిల్లాకు చెందిన విజయ్ జోల్ 2011లో కూచ్ బిహార్ ట్రోఫీలో అస్సాముపై 451 పరుగులు చేసి అజేయుడుగ నిలిచెను. 2014లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచకప్పులో మన దేశమునకు నాయకుడాయెను. మహారాష్ట్ర పక్షమున రంజీ ఆడెను. భారతదేశపు పెద్ద జట్టులో మాత్రము చోటు దొరకలేదు. జిల్లా మైదానమునుండి అంతవఱకు పోవుట సామాన్యమా? అదియే యొక పెద్ద విజయము. అయినను పదునేడేండ్ల వయస్సున 451 చూచి "ఇక టెస్టు ఆటగాడే" యని తేల్చినవారి లెక్క తప్పినది.

తెలుగునాట విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 సంవత్సరమున విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేసెను. అందు నాగాలాండుపై నొక్క ఆటలో 441. ఆనాటికి నాగాలాండున క్రికెట్టు ఇంకను వేళ్ళూనలేదు. ఆ రాష్ట్రము రంజీలో ప్రవేశించినదే 2018-19లో. కావున జాగరూకుడైన పరీక్షకుడు ఆ 441ని ప్రక్కన బెట్టి చూడవలెను. ప్రక్కన బెట్టినను దాదాపు 800 పరుగులు మిగులుచున్నవి. ఇదియే సరియైన పద్ధతి: పెద్ద అంకెను తీసివేసి, మిగిలినది నిలుచునా యని చూచుట. నితీశ్ విషయమున నిలిచినది. 2024 నవంబరులో పెర్త్‌న మొదటి టెస్టు ఆడి, డిసెంబరులో మెల్‌బోర్న్‌న 114 పరుగులు చేసెను. అతని తండ్రి కుమారుని ఆటకొఱకు ఉద్యోగము వదలుకొనెనని పత్రికలలో చదివి మనలో కొందఱు తలిదండ్రులు ఆవేశపడుచున్నారు. వారికి నేనొక్కటి మనవి చేయుదును. ఫలించిన త్యాగములే పత్రికలలో వచ్చును. ఫలింపని త్యాగములు ఎన్ని యున్నవో వ్రాయు పత్రిక లేదు.

చిన్న లెక్క యొకటి. ఇద్దఱు బాలురు అయిదేసి ఆటలాడిరనుకొనుడు. మొదటివాని పరుగులు 92, 3, 0, 61, 4. రెండవవాని పరుగులు 28, 31, 40, 27, 34. రెండు మొత్తములును 160. రెండు సగటులును 32. ఎవరు మేలు? తొమ్మిదవ తరగతివారిని అడిగితిని. సగము మంది మొదటివాడనిరి, సగము మంది రెండవవాడనిరి. ఒక బాలిక మాత్రము "వాండ్లు ఎట్లెట్ల అవుటైండ్రు సార్?" అని అడిగెను. ఆమెకు ఆనాడు నూటికి నూఱు మార్కులు. రెండవవాడు అయిదుసార్లును ఒకే తీరుగ, ముప్పది ప్రాంతమునకు రాగానే పైకి కొట్టి క్యాచి యిచ్చి పోవుచున్నచో అది ఒక జబ్బు. మందు దొరకిన రేపు అతడు అఱువది చేయును. మొదటివాడు మంచి బంతికి నిలువలేక, చెడ్డ బంతి దొరకిననాడే వాయించుచున్నచో పై మెట్టున చెడ్డ బంతులు దొరకవు. అయిదు ఆటలతో తీర్పు చెప్పరాదనునదియు ఇందు చేరియున్నది.

మైదానము సంగతియు స్కోరు పుస్తకమున వ్రాయబడదు. మనది నల్లరేగడి నేల. మాఘమాసము దాటెనా పగుళ్ళు విచ్చును. పగులుపై పడిన బంతి ఎటు పోవునో బౌలరునకే తెలియదు. అట్టి నేలపై ఆఱు వికెట్లు తీసిన బాలుని భుజములపై నెక్కించుకొని ఊరేగించితిమి. మరుసటి మాసము నాందేడున చదునైన పిచ్చిపై వాడు పాపము ఒక్క వికెట్టును తీయలేకపోయెను. దీనికి వ్యతిరేకముగ, పగిలిన నేలపై ఇరువది పరుగులు నిలిచి చేసినవాడు చదునైన నేలపై యెంత చేయునో ఊహింపుడు.

ఇక వయస్సు. దీనిని తలిదండ్రులు ప్రత్యేకముగ గమనింపవలెను. క్రికెట్టు వయోవర్గములకు సెప్టెంబరు 1వ తేదీ హద్దు. సెప్టెంబరు మొదటి వారమున పుట్టినవాడును, ఆ మరుసటి సంవత్సరము ఆగష్టు చివర పుట్టినవాడును ఒకే వర్గమున ఆడుదురు. ఇద్దఱి నడుమ దాదాపు ఏడాది యున్నది. పదునాల్గేండ్ల వయస్సున ఏడాది యనగా నాలుగంగుళముల ఎత్తు కావచ్చును, భుజబలము చెప్పనక్కరలేదు. పెద్దవాని బలమును చూచి ప్రతిభ యనుకొందుము. చిన్నవాని బలహీనతను చూచి ఆట రాదనుకొందుము. కెనడా దేశపు హాకీ ఆటగాండ్ర జన్మదినములను పరిశీలించిన పండితులు 1985లోనే దీనిని బయటపెట్టిరి: అచ్చట హద్దు జనవరి 1, పై జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో పుట్టినవారే ఎక్కువగ కనబడిరి. నక్షత్రబలము కాదు, పెద్దవారగుటయే కారణము.

మనకు ఇంకొక చిక్కు. బడిలో చేర్చునపుడు పుట్టిన తేదీ గుర్తులేక జూన్ 1 అని వ్రాయించుట మన సీమలో వాడుక. నా తరగతి హాజరుపట్టీలో జూన్ 1న పుట్టినవారి సంఖ్య చూచినచో ఆ దినమున దేశమంతయు పురిటిండ్లే యనిపించును. ఎదిగినవాని నిజవయస్సు తెలిసికొనుటకై భారత క్రికెట్ బోర్డువారు పదునాఱేండ్ల లోపు బాలురకు ఎడమచేతి మణికట్టు ఎక్సరే తీసి ఎముకల వయస్సు కట్టుదురు. అందు తప్పినవాడు ఎంత బాగుగ నాడినను ఆ వర్గమునకు పనికిరాడు. తేదీ సరిగ వ్రాయించుడు. ఒక ఏడాది తగ్గించి లాభపడవచ్చునను దురాశ పిల్లవాని దారికే అడ్డమగును.

ఒకే మైదానమున, ఒకే ఆటలో ఇద్దఱు బాలుర భవిష్యత్తును చూడగలిగిన సందర్భమొకటి 1999 డిసెంబరున వచ్చినది. జంషెడ్‌పూరున కూచ్ బిహార్ ట్రోఫీ తుది ఆట. బీహారు జట్టు 357 పరుగులు చేసెను. అందు ఒక వికెట్టుకీపరు చేసినవి 84. పంజాబు బదులుగా 839 చేసెను. అందు ఒక్క బాలుడు చేసినవి 358. అనగా బీహారు పదునొకండుగురు కలిసి చేసినదానికంటె ఒకటి యెక్కువ! ఆ బాలుడు యువరాజ్ సింగ్. ఆ వికెట్టుకీపరు మహేంద్ర సింగ్ ధోని. ఇద్దఱును 1981లో పుట్టినవారే. మరుసటి నెలలో జరిగిన పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచకప్పునకు యువరాజ్ పోయెను. 2000 అక్టోబరునకే పెద్ద జట్టులో నుండెను. ధోని ఆ జట్టునకు ఎన్నిక కాలేదు. తరువాత ఖరగ్‌పూరున రైలు టిక్కెట్లు పరీక్షించు ఉద్యోగము చేసెను.

పెద్ద అంకె యున్నవానిని ఎన్నుకొన్నవారు తప్పు చేసిరా? లేదు, యువరాజ్ వారి నమ్మకమును నిలబెట్టెను. 84 వెనుక నేమున్నదో చూచువాడు ఆనాడు లేకపోవుటయే లోపము. బోర్డువారు చిన్న యూళ్ళలోని యువకులను వెదకుటకు ఏర్పాటు చేసిన విభాగమున బెంగాలు మాజీ ఆటగాడు ప్రకాశ్ పొద్దార్‌గారు పని చేయుచుండిరి. 2003లో జంషెడ్‌పూరుననే ఝార్ఖండు ఆట యొకటి చూచి, వారు ధోనిని గూర్చి నివేదిక వ్రాసి పంపిరి. 2004 డిసెంబరున ధోని భారతజట్టులో ప్రవేశించెను. 2011 ఏప్రిల్ 2న ప్రపంచకప్పు తుది ఆట ముగియునపుడు బొంబాయి మైదానమున బ్యాట్లు పట్టుకొని నిలిచియున్న ఇద్దఱు ఎవరనుకొన్నారు? ఆ 84 వాడును, ఆ 358 వాడును. ఇరువదేండ్ల క్రితము నేను నిజామాబాదున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్నపుడు మా వసతిగృహమున ధోని జుట్టును గూర్చియే గాని ఈ నివేదికను గూర్చి ఎవరును మాటలాడుకొనలేదు. నాకిప్పుడు ఆ నివేదిక వ్రాసిన చేయియే ముఖ్యముగ తోచుచున్నది.

మెట్లను ఎక్కక ప్రక్కదారిన వచ్చినవారును కలరు. హైదరాబాదున ఆటోరిక్షా నడపువాని కుమారుడైన మహమ్మద్ సిరాజ్ వీధులలో టెన్నిసు బంతితో ఆడుచు పెరిగెను. 2015 నవంబరున రంజీలో ప్రవేశించెను. 2016-17లో 18.92 సగటున 41 వికెట్లు తీసెను. 2020 డిసెంబరున మెల్‌బోర్న్‌న మొదటి టెస్టు; 2025 ఆగష్టు 4న లండనులోని ఓవల్ మైదానమున 6 పరుగుల తేడాతో నెగ్గిన ఆటలో చివరి వికెట్టు అతనిదే. కడప జిల్లా పల్లెనుండి వచ్చిన శ్రీచరణి ముందు ఇతర క్రీడలలో తిరిగి, క్రికెట్టునకు ఆలస్యముగ వచ్చినది. 2025 నవంబరు 2న మహిళల ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఆమె యుండెను. బాలికల తలిదండ్రులు ఈ చివరి వాక్యమును మఱల చదువగోరెదను. మన బడిలో బాలికల ఆటను "పరీక్షల ముందు కాలక్షేపము" అనువారు ఇంకను కలరు.

ఇంతవఱకు పరుల తప్పులను చెప్పితిని. ఇప్పుడు నా తప్పు. కొన్నియేండ్ల క్రితము మన జట్టు నెంచు పని నాకు అప్పగింపబడినది. నేను అంకెలను నమ్మువాడను కావున స్కోరు పుస్తకము ముందు పెట్టుకొని ఎంచితిని. ఒక బాలుని పేరున రెండే ఆటలు కనబడినవి; పరుగులు పదునెనిమిది. కొట్టివేసితిని. వాని తలిదండ్రులు దసరా దాటగానే చెఱకు కోతకు వలసపోవు కుటుంబమని, వాడును వారితో పోయి చైత్రమున గాని తిరిగి రాడని నాకు తెలియదా? తెలియును. హాజరుపట్టీ నా చేతిదే. మన ఆటలన్నియు కార్తీక, మార్గశిర మాసములలో జరుగును. అంకె తక్కువగ నుండుటకు కారణము ఆట గాదు, వలస. నాయుడుగారికి మెట్టు లేకుండెనని పైన వ్రాసితిని. ఈ బాలునికి మెట్టుండెను, కాని ఎక్కవలసిన ఋతువున వాడు ఊర లేడు. మరుసటి సంవత్సరము వాడు బడికే రాలేదు. వాడెంతటి ఆటగాడగునో ఇప్పుడెవరును చెప్పలేరు. చెప్పగల అవకాశమును నేనే పోగొట్టితిని.

రెండవ సంగతి భాషది. మన పాఠశాల వికెట్టుకీపరొకడు ఒక ఎంపిక శిబిరమునకు పోయెను. అచ్చట నింపవలసిన పత్రము మరాఠీలో నుండెను. మన పిల్లలు మరాఠీ చదువుదురు, మాటలాడుదురు. కాని ఆట మాటలు పాఠ్యపుస్తకమున లేవు. "గోలందాజ్" అనగా బౌలరని, "ఫలందాజ్" అనగా బ్యాటరని వానికి తెలియును. "యష్టిరక్షక్" అను మాట వాడెన్నడును వినలేదు. ఆ గడిని ఖాళీగ వదలి "ఫలందాజ్" అను గడిలో గుర్తు పెట్టెను. వానికి పది బంతులు వేసి, నాలుగు బాగుగ కొట్టగా చూచి, పంపివేసిరి. చేతికి తొడుగులు తొడిగి వికెట్ల వెనుక నిలుపనే లేదు. అడుగవలెనని వానికి ధైర్యము చాలలేదు. వచ్చిన తరువాత "సార్, యష్టి అంటె ఏంది?" అని నన్నడిగెను. నేను తెలుగు పండితుడను. యష్టి యనగా కొయ్య యని పాఠములు చెప్పువాడను. ఆ మాటను వానికి ముందుగ చెప్పవలెనని నాకు తోచలేదు. పరీక్షించువాడు మౌనమును చూచి ఉత్సాహము లేదనుకొనుటయు సహజమే. మౌనమునకు కారణము భాషయా, బెఱుకా, నిజముగ ఆసక్తి లేకపోవుటయా యని విడదీసి చూచువాడు ఇంటివాడే కావలెను. అందుచేత ఈ పని మనదే.

ఈ జూలై నుండి మన పాఠశాలలో ఆటల పుస్తకమును క్రొత్త తీరున వ్రాయుచున్నాము. ప్రతి బాలునికిని, బాలికకును ఒక పుట. పుటపై జన్మదినము, ఊరిలో నుండు మాసములు. క్రింద బ్యాటింగు, బౌలింగు, పరుగు, విసరుట, పట్టుట. ఒక్కొక్కదానికి "నేడు", "రేపు" అను రెండు గడులు. ఎవరిపై ఆడెను, నేల యెట్లుండెను, ఎట్లు అవుటాయెను అను మూడు మాటలు ప్రతి ఆటకు వ్రాయుదుము. జూలైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి మార్కులు వేయుదుము. రెండింటి తేడాను ఎఱ్ఱసిరాతో వ్రాయుదుము. క్యాచి వదలినవాడు తరువాతి బంతికి ముందుకు వచ్చెనా, వెనుకకు జరిగెనా యనునది కూడ నేను గమనించి వ్రాయుచున్నాను. దానికి మార్కులు లేవు. "నేడు" గడి సిరాతో నింపుదుము. "రేపు" గడి పెన్సిలుతో మాత్రమే. వలసపోవు పిల్లల కొఱకు వర్షాకాలపు తెఱపిలో, శ్రావణమునందే రెండు ఆటలు పెట్టుటకు ప్రధానోపాధ్యాయులు అంగీకరించిరి. నేల తడిగ నుండును. ఆ మాటయు పుటలో వ్రాయబడును.

దుకాణపు తండ్రికి నేను చెప్పిన ఉత్తరమిది: "వాని బంతి పట్టు చేతులు బాగున్నవి, కాళ్ళు నెమ్మది. డిసెంబరు దాక చూతము. అంతవఱకు సాయంకాలము దుకాణమున కూర్చుండబెట్టుడు, ఉదయము నాకు పంపుడు. చదువు మాత్రము ఆపకుడు." అతడు సంతోషపడలేదు, కోపపడలేదు. పిల్లవాడు వచ్చుచున్నాడు.

ఆట మాటల మరాఠీ-తెలుగు పట్టిక తరగతి గోడకు అంటింపబడినది. గోలందాజ్, ఫలందాజ్, యష్టిరక్షక్, క్షేత్రరక్షణ్, నాణేఫేక్, ధావ్‌ఫలక్ మొదలైనవి అందున్నవి. తాలూకా పోటీలకు పోవు బాలబాలికలు వానిని వ్రాసికొని నోటికి నేర్వవలెను. తలిదండ్రులు జన్మపత్రము నకలును ఈ మాసాంతమునకు ముందుగ తరగతి ఉపాధ్యాయున కందింపవలెను. తేదీ జూన్ 1గా నున్నవారు, నిజమైన తేదీ ఇంటి పెద్దలనడిగి, ఆసుపత్రి లేక గ్రామపంచాయతి కాగితమున్నచో దానిని కూడ తీసికొని రావలయును.